చిమ్మిలి రోలుకు గేట్ పాస్

కదమా, జంషెడ్‌పూర్
డిసెంబర్ 20

చి. సౌ. బుజ్జికి పెద్దమ్మ ఆశీర్వదించి రాయునది.

నువ్వు రాత్రి పదకొండింటికి పంపిన వాయిస్ మెసేజ్ పొద్దున్నే కాఫీ తాగుతూ విన్నాను. సగం మాటలు, సగం ముక్కు చీదుడు. ఫోన్ చేద్దామనుకుని మానేశాను. చేస్తే మధ్యలో నువ్వు ఏడుస్తావు, మధ్యలో నేను కసురుతాను, చెప్పుకోవాల్సింది ఒక్కటీ చెప్పుకోం. అందుకని కాగితం తీశాను. మీ పెదనాన్న ఈ కాగితాల్ని ఫోటోలు తీసి నీకు పంపుతారు. అక్షరాలు వంకరగా ఉంటే చలి అనుకో. ఇక్కడ తెల్లవారుజాము పది డిగ్రీల దగ్గరికి దిగిపోయింది, గిన్నెలో నెయ్యి రాయిలా ఉంది.

బడిలో సెలవులకి ముందే క్రిస్మస్ చేశారనీ, అందరికీ కేకు పెట్టారనీ, పాప తన ముక్క తినకుండా కర్చీఫులో మూటగట్టి ఇంటికి తెచ్చి తమ్ముడి చేతిలో పెట్టిందనీ చెప్పావు. అది చూసి ఏడుపు ఆగలేదన్నావు. ఎలా ఆగుతుంది? కానీ నేనక్కడ ఉంటే ముందు ఆ కర్చీఫు ఉతికించి, దాని చేతులు సబ్బుతో కడిగించి, ఆ తరవాత తీరిగ్గా కూర్చుని ఏడ్చేదాన్ని. నవ్వకు. మనకి తగులుకున్న జబ్బు తీరే అది. కన్నీళ్ళకంటే ముందు కేకు పొడి సంగతి చూడాలి.

పాపకున్న జబ్బే మా పెద్ద మనవడికీ ఉందని నాలుగో ఏట తెలిసింది. ఇప్పుడు వాడికి పదకొండు. తెలియకముందు ఏడాదిపాటు డాక్టర్ల చుట్టూ తిరిగాం. నులిపురుగులన్నారొకరు. రక్తం తక్కువని ఐరన్ సిరప్ రాశారింకొకరు. పొట్ట ముందుకొచ్చి, కాళ్ళూ చేతులూ పుల్లల్లా ఉండేవి. వాడి ఈడు పిల్లల పక్కన నిలబడితే వాళ్ళ చంటి తమ్ముడనుకునేవారు. చివరికొక డాక్టరు రక్తపరీక్ష రాసి, ఎండోస్కోపీలో చిన్నపేగు నుంచి చిన్న ముక్క తీయించి చూసి, సీలియాక్ అన్నాడు. గోధుమ ఆపమన్నాడు, జీవితాంతం. మందూ మాత్రా ఏం లేదు, అదే వైద్యం. ఏడాది తిరక్కుండా వాడు గుమ్మం పక్క గోడమీద పెన్సిలు గీతలు ఒకదాని తరవాత ఒకటి దాటుకుంటూ పోయాడు.

గోధుమ, బార్లీ, రై గింజల్లో ఉండే గ్లూటెన్ అనే మాంసకృత్తు దీనికి మూలం. బొబ్బట్టు పిండి వేళ్ళమధ్య పట్టులా సాగిందంటే దాని చలవే. ఈ జబ్బున్నవాళ్ళ ఒంట్లో రక్షణ వ్యవస్థ దాన్ని చూసి సొంత పేగుమీదే దండెత్తుతుంది. ముప్ఫయ్యేళ్ళు సైన్సు పాఠం చెప్పినదాన్ని, ఒక ముక్క చెప్పకుండా వదల్లేను. దీనికి గోధుమే కారణమని పట్టుకున్నది విల్లెం డికె అనే డచ్చి పిల్లల డాక్టరు. 1944-45 చలికాలంలో యుద్ధం మూలాన నెదర్లాండ్స్‌లో కరువొచ్చింది. రొట్టె దొరక్క దేశమంతా చిక్కిపోతుంటే, ఈ జబ్బు పిల్లలు మాత్రం కోలుకున్నారు. రొట్టె తిరిగి రాగానే మళ్ళీ మంచమెక్కారు. ఆయనకి అంతకుముందు నుంచే ఉన్న అనుమానం దాంతో గట్టిపడింది. 1950లో దానిమీదే పరిశోధన గ్రంథం రాశాడు.

విశాఖలో మీ డాక్టరు ఇలాంటి కేసులు తక్కువ చూశానన్నాడని కంగారుపడ్డావు. అందులో ఆయన తప్పేం లేదు. 2016లో అచ్చయిన ఒక పెద్ద అధ్యయనంలో, ఈ జబ్బుని సూచించే యాంటీబాడీలు ఉత్తరాదిలో నూటికి ఒకరికి పైగా కనిపిస్తే, దక్షిణాదిలో వెయ్యికి ఒకరికే కనిపించాయి. మనం అన్నం మనుషులం, ఉత్తరాదివాళ్ళు రొట్టె మనుషులు. మన తాతలు శ్రీకాకుళం, పాలకొండ, పార్వతీపురాల నుంచి ఇక్కడి ఇనుము కర్మాగారానికి పనికొచ్చారు, మూడు తరాల్లో మేం రొట్టెకి అలవాటుపడ్డాం. నువ్వు చిన్నప్పుడు వేసవి సెలవులకొచ్చినప్పుడు రాత్రిళ్ళు రొట్టె వద్దు అన్నం కావాలని పేచీ పెట్టేదానివి. గుర్తుందా?

ఒక సంగతి మరిచిపోయేలోపు రాసేస్తాను. నీ చిన్నాడికి పరీక్ష చేయించావా? తోబుట్టువులకి ఈ జబ్బు వచ్చే అవకాశం మిగతావాళ్ళకంటే ఎక్కువ. పరీక్ష అయ్యేదాకా వాడికి గోధుమ ఆపకు. ఆపేస్తే రక్తంలో దొరకాల్సింది దొరకదు. వాడి చపాతీ బడి డబ్బాలో వాడు తిననీ. వంటగట్టు మీదికి మాత్రం రానివ్వకు.

ఇక అసలు విషయం. సెలవుల్లో పిల్లలతో కలిసి ఏమైనా చేయాలనుంది, ఓవెన్ లేదు, పొయ్యి దగ్గరికి వాళ్ళని రానివ్వలేను, గ్లూటెన్ ఉండకూడదు అంటూ ఆరు వంటల లింకులు పంపావు. అన్నీ చూశాను. ఒకదాంట్లో బాదం పిండి, కిలో ధర చూస్తే మా పెన్షను గుర్తొచ్చింది. ఇంకోదాంట్లో విదేశం నుంచి తెప్పించాల్సిన ఏదో జిగురు పొడి. మిగతా నాలుగూ కాల్చని కేకులే, అయితే నాలుగింటికీ అడుగున మేరీ బిస్కట్లు నలిపి పరచమన్నారు. బిస్కట్టంటే మైదా. పొయ్యి లేదు గనక ప్రమాదం లేదనుకుంటారు కాబోలు జనం.

బుజ్జీ, గోధుమతో చేసే వంటని పట్టుకుని అందులోంచి గోధుమని పీకెయ్యాలని చూస్తే మిగిలేది బెంగే. తిన్న ప్రతిసారీ పాపకి అసలుది గుర్తొస్తుంది. గోధుమ మొదటినుంచీ లేని వంటతో మొదలుపెట్టు. అలాంటివి మనకి ఎన్నున్నాయో నువ్వే లెక్కపెట్టు. నాగులచవితికి పుట్ట దగ్గర పెట్టే చిమ్మిలి, చలిమిడి. సున్నుండలు. పుట్నాల పప్పు లడ్డూ. అటుకుల ఉండలు. కొబ్బరి లౌజు. పూతరేకులు. వీటిల్లో దేనికీ ఓవెన్ అక్కర్లేదు, దేంట్లోనూ గోధుమ లేదు. మన నాయనమ్మలు గ్లూటెన్ అనే మాట వినకుండానే పోయారు గానీ, వాళ్ళ పండగ పళ్ళెంలో సగం మన పాప కోసమే వండినట్టుంటుంది.

సగమే అన్నాను, చూశావా. మిగతా సగం దొంగ సగం. రవ్వలడ్డూ వరి రవ్వతో కాదు, బొంబాయి రవ్వతో చేస్తాం. బొంబాయి రవ్వంటే గోధుమే. ఇది మన చుట్టాల్లో చదువుకున్నవాళ్ళకి కూడా తెలియదు. సేమ్యా గోధుమ. కాజా, గవ్వలు, బొబ్బట్టు మైదా. జంతికలు బియ్యప్పిండివే గానీ అందులో ఇంగువ వేస్తాం. డబ్బాల్లో అమ్మే ఇంగువ పొళ్ళలో చాలావాటికి మైదా కలుపుతారు. బియ్యప్పిండి కలిపినవీ ఉంటాయి, అట్ట చదివి కొను. సంక్రాంతికి మీ అత్తగారు జంతికలు పంపితే డబ్బా తెరవకముందే ఏ ఇంగువ అని అడుగు. ఆవిడకి కోపమొస్తే నా పేరు చెప్పు.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెబుతాను. పెద్దాడికి జబ్బు తెలిసిన మొదటి సంక్రాంతి. వాడికి అరిసెలు పెట్టి తీరాలని పంతం పట్టాను. బియ్యం నానబెట్టి, నీళ్ళు వంచి, తడి బియ్యం గిన్నె చంకనబెట్టుకుని వీధి చివర చక్కీకి, అదే పిండిమరకి, వెళ్ళాను. తెల్లగా మల్లెపూవులాంటి పిండి పట్టించుకొచ్చాను. బెల్లం పాకం, నువ్వులు, మంచి నెయ్యి, అన్నీ నా చేత్తోనే. వాడు రెండు అరిసెలు తిన్నాడు. రాత్రికి పొట్ట ఉబ్బింది. మూడు రోజులు పిల్లాడు మంచం దిగలేదు. బియ్యప్పిండే కదా, బెల్లమే కదా అని నేను వాదిస్తుంటే డాక్టరు ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు, "మీ ముందు ఆ చక్కీలో ఏం పట్టించారు?" ఈ ఊళ్ళో చక్కీలో ఇంకేం పట్టిస్తారు? పొద్దున్నించీ రాత్రిదాకా ఆటా. రాళ్ళమధ్య ఇరుక్కున్న ఆ గోధుమపిండే నా తెల్లటి పిండిలోకొచ్చింది. మన దేశపు ఆహార నిబంధన ప్రకారం ఒక సరుకుమీద గ్లూటెన్ ఫ్రీ అని రాయాలంటే కిలోకి 20 మిల్లీగ్రాములకి మించకూడదు. ఇరవై మిల్లీగ్రాములంటే చిటికెలో ఎన్నో వంతు. నేను వాడికి ఎన్ని చిటికెలు పెట్టానో!

అప్పట్నుంచి మా బియ్యం ఇంట్లోనే మిక్సీలో పడుతుంది. ఆ జారు వేరే, దానిమీద ఎర్ర దారం కట్టి ఉంటుంది. జల్లెడ కొత్తది కొన్నాను. నువ్వూ కొను. పాత జల్లెడని ఎంత కడిగినా కన్నాల్లో పిండి పోదు. చెక్క గరిటెలు, అప్పడాల కర్ర, చపాతీ పీట పాపకి పనికిరావు. స్టీలుకి భయం లేదు, బాగా తోమితే చాలు. ఇక్కడ చనా సత్తు ఆరోగ్యమని అందరికీ పెడతారు, శనగలే కదా అని నేనూ పెట్టబోయాను. కొందరు అందులో బార్లీ కలుపుతారు, కలపకపోయినా అదే చక్కీలో పట్టిస్తారు. అటుకులు కూడా అంతే. సాక్చి బజార్లో అటుకుల బస్తా పక్కనే దలియా, అదే గోధుమ నూక, బస్తా ఉంటుంది, రెండింట్లోనూ ఒకటే గరిటె ముంచుతాడు. సీలు ప్యాకెట్టు తీసుకో, పది రూపాయలు పోతే పోయాయి.

ఇదంతా చదివి పిల్లలతో వంట మనవల్ల కాదనుకోకు. పెద్దాడు ఆరేళ్ళవాడుగా ఉన్నప్పుడు దీనికో ఉపాయం కనిపెట్టాడు. వాళ్ళ నాన్న రోజూ కంపెనీ గేటు దగ్గర పాస్ చూపించి లోపలికి వెళతాడని వాడికి తెలుసు. ఒకరోజు వంటింటి గడప దగ్గర సుద్దముక్కతో గీత గీసి, "గేట్ పాస్ ఉంటేనే లోపలికి" అన్నాడు. చేతులు సబ్బుతో కడిగి, గోళ్ళు చూపించి, జేబులో బిస్కట్టు ముక్కలు లేవని జేబులు బయటికి లాగి చూపిస్తేనే పాస్. పాసంటే అరచేతిమీద స్కెచ్ పెన్నుతో ఒక చుక్క. మీ పెదనాన్నని నాలుగుసార్లు వెనక్కి పంపాడు. నన్ను మాత్రం మొదటి రోజే పట్టుకున్నాడు, నా కొంగుకి చపాతీ పిండి ఉందని. నిజంగానే ఉంది! సబ్బూ నీళ్ళూ తప్ప బడి సంచిలో పెట్టే ఆ శానిటైజరు దీనికి పనికిరాదని కూడా వాడు వచ్చినవాళ్ళందరికీ చెబుతాడు. అది క్రిముల్ని చంపుతుంది గానీ పిండిని కడగదు.

పాపని గేటు దగ్గర నిలబెట్టు, బుజ్జీ. ఇన్నాళ్ళూ దానికి అందరూ వద్దు వద్దు అని చెప్పారు. ఒక్కరోజైనా అది ఇంకొకళ్ళకి వద్దని చెప్పనీ. రేపు పుట్టినరోజు పార్టీల్లో, ట్రైన్లో, గుడి ప్రసాదం దగ్గర నువ్వు పక్కన ఉండవు. అడిగే నోరు ఇప్పట్నుంచే రావాలి.

మొదట చిమ్మిలితో మొదలుపెట్టు. ఇందులో తప్పు జరగడానికి చోటే లేదు. నువ్వులు ఒక గ్లాసు, బెల్లం తురుము ముప్పావు గ్లాసు, రెండు యాలక్కాయలు, అంతే. నువ్వుల్లో రాళ్ళు ఏరడం పాపకి అప్పగించు. వేయించడం నీ పని. సన్నటి మంటమీద చిటపటమన్నాక ఇంకో అరనిమిషం, దించెయ్యి. మాడితే చేదు, దానికి మందు లేదు. పూర్తిగా చల్లారనివ్వు. మిక్సీలో వేస్తే ఆపి ఆపి తిప్పు, ఏకబిగిన తిప్పితే నూనె ఊరి ముద్దయిపోతుంది. రోట్లో అయితే ఆ భయం లేదు. నెయ్యి వెయ్యకు, నువ్వుల్లో నూనే ఉండ కట్టిస్తుంది. మా రోలు నీకు తెలుసుగా. మీ పెదనాన్న తాతగారు పాలకొండ నుంచి రైల్లో మోసుకొచ్చారంటారు. మూడు క్వార్టర్లు మారింది, ఇప్పుడు ఈ ఫ్లాట్ బాల్కనీలో కూర్చుంది. పిండిమర చూడని రాయి, గోధుమ ముట్టని రాయి. పిల్లలు దంచితే కింది అంతస్తు బెంగాలీ పెద్దాయన మొదటి రోజు పైకొచ్చి విసుక్కున్నాడు. పెద్దాడు ఆయన చేతిలో వెచ్చటి చిమ్మిలి ముద్ద పెట్టాడు. ఇప్పుడు డిసెంబరొస్తే ఇంకా దంచడం మొదలెట్టలేదేమని ఆయనే అడుగుతున్నాడు.

ఇక్కడ చలికాలంలో ఈత బెల్లం దొరుకుతుంది. ఖజూర్ గుడ్ అంటారు. పొగ వాసన, మట్టి వాసన కలిసి ఉంటుంది. దాంతో చేసిన చిమ్మిలి రుచే వేరు. కొంచెం తడి ఎక్కువ గనక బెల్లం ఓ పిసరు తగ్గించాలి. అది మీకు దొరకదు, నేను అట్టేపెడతాను.

చిన్నాడికి నాలుగేళ్ళు గనక వాడికి వేరుశనగల పని ఇవ్వు. వేయించి చల్లార్చిన గుళ్ళని వాడు రెండు చేతులతో నలపాలి, పొట్టు ఊడుతుంది. తరవాత చేటలో పోసి చెరగాలి. మా పెద్దాడికి ఆ వయసులో అరగంటపాటు ఊపిరాడనంత సంబరం అదే. చేట ఎగరేసి ఊదితే పొట్టంతా గాల్లో, జుట్టులో, దేవుడి పటం మీద. చీపురు నువ్వు పట్టుకోవాలి, ఏం చేస్తాం. గుళ్ళు మాత్రం వాడి నోట్లో వేసుకోనివ్వకు. ఆ వయసుకి గొంతులో అడ్డం పడతాయి. పొడి చేశాకే తినాలి. ఆ పొడికి సమానంగా బెల్లం తురుము కలిపితే అదే ఇంకో రకం చిమ్మిలి.

ఉండలు చుట్టేటప్పుడు నీ చేతులు నీ దగ్గర పెట్టుకో. ఒకటి గోలీకాయంత, ఒకటి బత్తాయంత ఉంటుంది. ఒకటి పలకలుగా ఉంటుంది. నీకు చెయ్యి దురదపెడుతుంది, తీసి మళ్ళీ గుండ్రంగా చేద్దామని. చెయ్యకు. నేనొకసారి చేశాను. పెద్దాడు మిగిలిన పిండంతా గిన్నెలో వదిలేసి ఆడుకోవడానికి వెళ్ళిపోయాడు. వాడు వెళ్ళడం న్యాయమే. ఇంకో మాట, ముప్పావు గంటకి మించి ఏ పిల్లా కూర్చోదు. అందుకని ఒక పూటకి ఒకటే చెయ్యి. నాలుగు రకాలు పెట్టుకుని కూర్చుంటే నాలుగోది చేసేసరికి కొట్టుకుంటారు.

పుట్నాల పప్పు లడ్డూకి రెండు గ్లాసుల పొడికి గ్లాసు పంచదార పొడి, అరగ్లాసుకి కొంచెం తక్కువ కాచిన నెయ్యి. పంచదార ఇంట్లోనే పొడి చేసుకో. పప్పు సీలు ప్యాకెట్టులోది. ఇంతకంటే చెప్పడానికి ఇందులో ఏం లేదు. చలిమిడి చేస్తే తడిపిండి గనక ఆ పూటకి ఆ పూటే తినెయ్యండి, మర్నాటికి దాచకు.

పూతరేకుల దగ్గర మాత్రం కాసేపు ఆగుతాను. ఆత్రేయపురం మాకంటే మీకు దగ్గర. అక్కడి రేకులకి 2023లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. పిల్లల వంట అంటే నేను మొదటి పీట దానికే వేస్తాను. ఉత్త రేకులు కొనుక్కో, చుట్టినవి వద్దు. చుట్టి అమ్మేవాటిలో ఇప్పుడు పాలల్లో కలిపే చాక్లెట్ పొళ్ళు కూడా చల్లుతున్నారు, వాటిల్లో చాలావాటికి బార్లీ మాల్టే ప్రాణం. ఉత్త రేకంటే బియ్యం పిండి నీళ్ళు, వేడి కుండ, అంతే. తడిపి గట్టిగా పిండిన పల్చటి గుడ్డమీద రేకు పరిచి ఒక్క క్షణం ఆగితే మెత్తబడుతుంది. అప్పుడు పాప వేళ్ళతో నెయ్యి రాయాలి, పంచదార పొడి చల్లాలి, జీడిపప్పు పొడి చల్లాలి, ఇంకో రేకు పరచాలి, మడవాలి. ఊపిరి గట్టిగా వదిలితే ఎగిరిపోయేంత పల్చన గనక పిల్లలు వాళ్ళంతట వాళ్ళే నిశ్శబ్దమైపోతారు. చిరిగినవి అక్కడికక్కడే నోట్లోకి పోతాయి. చిరగనివి కూడా, ఏమాటకామాటే చెప్పుకోవాలి.

అయినా పాపకి చిమ్మిలి, పూతరేకు అని మన పెద్దరికం ఒకటే పెడితే సరిపోదు. దాని కళ్ళముందు ఉన్నది చాక్లెట్ రంగు కేకు, దానిమీద తెల్లటి క్రీము. అది దానికి కావాలి, కావాలనుకోవడం తప్పు కాదు. దానికి పెద్దాడు పేరు పెట్టిన లడ్డూ ఒకటుంది, "దల్మా మంచు". ఊరవతల దల్మా కొండ ఉందిగా, దానిమీద మంచు పడిందనుకోమన్నాడు. దల్మామీద మంచు కురవదురా అని నేను పాఠం చెప్పబోతే, లడ్డూమీద కురుస్తుంది కదా అన్నాడు. ఖర్జూరాలు ఇరవై. ముక్కలు కోసి అమ్మేవి కొనకు, అతుక్కోకుండా వాటిమీద పిండి చల్లుతుంటారు. చలికి గట్టిపడితే వేడినీళ్ళలో పది నిమిషాలు వేసి పిండెయ్యి. గింజలు తీయడం పిల్లల పని. ఖర్జూరం మెత్తగా రుబ్బి, అరగ్లాసు వేయించిన జీడిపప్పు పొడి, రెండు చెంచాల కోకో, గుప్పెడు వేయించి నలిపిన మఖానా. బీహారు మఖానా ఇక్కడ బోలెడు దొరుకుతుంది, మీ దగ్గరా దొరుకుతుంది. బిస్కట్టు ముక్క చేసే కరకర పని అదే చేస్తుంది. ఉండ చుట్టి ఎండు కొబ్బరి పొడిలో దొర్లించాలి. కోకో కొనేటప్పుడు మాల్ట్, బార్లీ అన్న మాటలు అట్టమీద ఉన్నాయేమో పాపచేతే చదివించు. రెండో తరగతి కదా, చదువుతుంది. సెలవులయ్యాక బడి తెరిచిన రోజు ఆ లడ్డూలు డబ్బాలో పెట్టి పంపు, క్లాసంతటికీ సరిపడా. దాని ఒక్కదానికే కాదు.

ఇదే నేను నీతో గట్టిగా చెప్పాలనుకున్నది. పాప కోసం విడిగా ఒక పళ్ళెం పెట్టకు. పండగరోజు ఇంట్లో అందరూ అదే తినాలి. మీ ఆయనకి కాజా కావాలంటే బయట తిని మూతి కడుక్కుని రమ్మను. మొదటి ఏడాది మేం వాడికి వేరే గిన్నె, వేరే మూల, వేరే మూత పెట్టాం. అంతా సురక్షితమే. వాడు ఆ గిన్నె ముందు కూర్చుని మా పళ్ళాలవంక చూసిన చూపు మీ పెదనాన్న ఇప్పటికీ మర్చిపోలేదు. రెండో ఏడాది నుంచి ఈ ఇంట్లో సంక్రాంతి అంటే బియ్యం, నువ్వులు, మినుములు, కొబ్బరి. ఎవరికీ ఏమీ తగ్గలేదు. తగ్గిందల్లా బొబ్బట్టు ఒకటి, అది నాకు ప్రాణం. ఉగాదికి వాడు బడికెళ్ళినప్పుడు పక్క వీధి చెల్లెలుగారింట్లో రెండు తినేసి వస్తాను. ఈ ముక్క పెద్దాడికి చెప్పకు.

ఇంకొకటి విను. మా పక్క బ్లాకులో ఒక దీదీ ఉంది, ముండా ఆదివాసీలు, క్రైస్తవులు. క్రిస్మస్‌కి ఏటా అర్సా తెస్తుంది. మొదటిసారి చూసి నవ్వొచ్చింది, అచ్చంగా మన అరిసే! బియ్యప్పిండి, బెల్లం, పేరు కూడా చుట్టమే. వాళ్ళ ఊళ్ళో ఢేంకీలో, అంటే కాలితో తొక్కే రోట్లో, దంచిన పిండి తెచ్చుకుంటుంది. చక్కీ గొడవే లేదు. అయినా మా పెద్దాడు ఆవిడ ముందు నిలబడి, "దీదీ, ఇవి వేయించిన నూనెలో ముందు పూరీలు వేయించావా?" అని అడిగాడు. నాకు తల కొట్టేసినట్టయింది. పండగపూట ఇంటికొచ్చినావిడని అలా అడుగుతారా? ఆవిడ మాత్రం ఏమీ అనుకోలేదు. కాసేపు ఆలోచించి, "వేయించాను బాబూ" అని ఆ పళ్ళెం మాకు వదిలేసి, వాడికి ఆ పూట రెండు కమలాపళ్ళు ఇచ్చి వెళ్ళింది. మరుసటేడు క్రిస్మస్ ముందురోజు పొద్దున్నే వచ్చింది. కొత్త నూనె పోసి అన్నిటికంటే ముందు వీడి వాయి తీసిందట. స్టీలు డబ్బాలో వేరే పెట్టి, మూతమీద కాగితం అంటించి తెచ్చింది. ఈ ఏడు ఆవిడకి ఇవ్వడానికి వాడు రెండు డజన్ల దల్మా మంచు చుట్టి పెట్టాడు. నేను లెక్కపెట్టేసరికి పంతొమ్మిదున్నాయి.

సంక్రాంతికి పిల్లల్ని తీసుకుని రమ్మంటే ఆలోచిస్తానన్నావు. ఆలోచించకు, రా. దోముహానీ దగ్గర టుసూ మేళా ఉంటుంది. సువర్ణరేఖ, ఖర్కాయి కలిసే చోట రంగు కాగితాల పల్లకీల్లాంటి చౌడళ్ళు ఎత్తుకుని పాటలు పాడుకుంటూ వస్తారు. పాప నోరు తెరుచుకుని చూస్తుంది. బిష్టుపూర్ రామమందిరానికి వెళదాం. భోగినాడు ఇక్కడే భోగిపళ్ళు పోద్దాం చిన్నాడికి. రేగిపళ్ళు, చెరకు ముక్కలు, నానిన శనగలు, చిల్లర. చూశావా, అందులోనూ గోధుమ గింజ లేదు.

రైల్లో తినడానికి ఇంట్లోంచే తెచ్చుకో. బండిలో ఏదీ కొనకు, ఆఖరికి టమాటా సూపు కూడా, గోధుమపిండితో చిక్కబరిచి ఉండొచ్చు. పెరుగన్నం, ఉడికించిన చిలగడదుంపలు, అరటిపళ్ళు, చిమ్మిలి చాలు. ఆత్రేయపురం రేకులు నాలుగు కట్టలు తీసుకురా. నలగకుండా స్టీలు డబ్బాలో, బట్టలమధ్య పెట్టు. నీ బరువు తగ్గిందని మీ అమ్మ చెప్పింది. దానిమీద విడిగా మాట్లాడతాను.

టికెట్లు తీయగానే కోచ్ నంబరు పంపు, మీ పెదనాన్న స్టేషన్‌కి వస్తారు. రోలు నిన్న కడిగించి ఎండలో పెట్టాను. పాప వస్తే గేటు డ్యూటీ దానిదేనట. పెద్దాడు కొత్త సుద్దముక్కల పెట్టె తెచ్చి దాని పేరు రాసి కిటికీలో పెట్టాడు, వాళ్ళ నాన్న పేరుమీద మాత్రం పాస్ రద్దు అని ఇప్పటికే రాసిపెట్టాడు.

నీ పెద్దమ్మ